చెట్లు కమ్ముకుపోయిన ఇంటి స్థలం: తొలగించడానికి అనుమతి ఎలా తీసుకోవాలి?

తూర్పుగది

నమస్కారం. 12 ఏళ్ల కిందట ఒక ఇంటి స్థలం కొన్నాం. కొన్న రోజున అక్కడ గడ్డి, మధ్యలో ఒక వేప తప్ప ఏమీ లేదు, నాలుగు హద్దురాళ్లూ ఒక్క చూపులో కనిపించేవి. తర్వాత ఉద్యోగాల వల్ల వేరే చోట ఉండిపోయాం. మొన్న ఇల్లు కట్టే ఉద్దేశంతో వెళితే లోపలికి నాలుగు అడుగులు కూడా వేయలేకపోయాం. నడుము ఎత్తు తుప్పలు, వాటి మీద అల్లుకున్న తీగలు, వాటి వెనక చెట్లు. ఎక్కువ భాగం సన్నగా నిటారుగా పెరిగినవే. మధ్యలో అప్పటి వేప మాత్రం బాగా పెద్దదైంది. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు.

నేల చదును చేసే గుత్తేదారు వచ్చి చూసి, "వరుసగా రెండు రోజులు సెలవులు వస్తున్నాయి. యంత్రం తెచ్చి సోమవారం ఉదయానికి చదును నేల అప్పగిస్తాను, ఎవరూ అడగరు" అన్నారు. మా వారికి ఆ మాట నచ్చింది. నాకు మనసు ఒప్పలేదు. సరైన దారిలో వెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? అన్ని చెట్లకూ అనుమతి అడగాలా, పెద్దవాటికేనా? ముందు ఆర్కిటెక్టును పిలవాలా, ముందు చెట్ల సంగతి తేల్చుకోవాలా?

పాతపునాది

అమ్మా, ఆ గుత్తేదారుకు ఈ రోజే ఫోను చేసి వద్దని చెప్పండి. మిగతావి తర్వాత చదవండి.

ఇదే సలహా విని నేను మునిగిపోయాను. సెలవు రోజుల్లో 11 చెట్లు కొట్టించాను. మంగళవారం ఎవరో ఫిర్యాదు చేశారు, బుధవారం పని ఆపమని కాగితం వచ్చింది. జరిమానా కట్టడం ఒక ఎత్తు, ఇంటి ప్లాను దస్త్రం 7 నెలలు కదలకుండా ఉండిపోవడం ఒక ఎత్తు. అంతకంటే బాధించింది ఇంకొకటి. వాటిలో ఎక్కువ చెట్లు చేతికర్ర కంటే కాస్త లావు, అంతే. ఆ సంగతి నిరూపించడానికి నా దగ్గర ఒక్క ఫోటో లేదు, ఒక్క కొలత లేదు. యంత్రం మొద్దులతో సహా పెకిలించి పారేసింది. అధికారులు పాత ఉపగ్రహ చిత్రాల్లో కనిపించిన పచ్చదనాన్ని బట్టి లెక్క వేశారు. పైనుంచి చూస్తే 10 సన్నని చెట్ల గుంపు కూడా నిండు తోపులాగే కనిపిస్తుంది. కాదని చెప్పే ఆధారాన్ని నా చేతులతో నేనే చెరిపేసుకున్నాను.

మానుకొలత

చెట్ల సర్వేలు చేయడం నా వృత్తి. పాతపునాది గారు చెప్పింది అక్షరాలా నిజం, ఇలాంటివి ప్రతి ఏటా చూస్తుంటాను.

తూర్పుగది గారూ, మీరు అడిగిన చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ముందు చెట్లు, తర్వాత ఆర్కిటెక్టు. ఇల్లు గీసేసిన తర్వాత చెట్లను కొలిస్తే ప్రతి చెట్టూ అడ్డుగానే కనిపిస్తుంది. చెట్లు గుర్తించిన పటం మీద ఇల్లు గీస్తే, నిజంగా అడ్డు వచ్చేవి ఎన్నో తేలిపోతుంది.

లోపలికి వెళ్లడానికి దారి కావాలి కదా. తుప్పలు, తీగలు చేత్తోనే కొట్టించండి, యంత్రం వద్దు. చాలా చోట్ల పొదలకు అనుమతి అక్కర్లేదు, అయినా మీ స్థానిక కార్యాలయాన్ని ఒకసారి అడగండి. చెట్లు ఒక్కటీ ముట్టుకోవద్దు. దారి పడ్డాక ప్రతి చెట్టుకూ సంఖ్య రాసిన చీటీ కట్టండి. మేకు కొట్టవద్దు, దారంతో చాలు. తర్వాత ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి సుమారు 1.3 మీటర్ల దగ్గర, టేపు చుట్టి చుట్టుకొలత తీసుకోండి. ఆ ఎత్తు దేశాన్ని బట్టి కొద్దిగా మారుతుంది, మీ దరఖాస్తులో ఎంత రాసి ఉంటే అంతే పాటించండి. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. చాలా నిబంధనల్లో "ఇంత లావు దాటితే అనుమతి" అని ఉంటుంది, ఆ లావు ఈ కొలతే.

ప్రతి చెట్టుకూ రెండు ఫోటోలు తీయండి: మొత్తం చెట్టు ఒకటి, టేపు అంకె కనిపించేలా మాను ఒకటి. ఏ చెట్టో తెలియకపోతే ఆకు, కాయ, బెరడు ఫోటోలు కూడా ఉండాలి. నేల నుంచే రెండు మూడు మానులుగా చీలిన చెట్టును ఎలా లెక్కించాలో కార్యాలయాన్ని అడిగి రాయండి, అక్కడ చాలామంది పొరబడతారు.

కంచెలోపల

నా అభిప్రాయం వేరు, కోపం తెచ్చుకోకండి. ఈవిడ స్థలానికి 12 ఏళ్లు పన్ను కట్టారు. గడ్డి కోయించుకుంటూ వచ్చి ఉంటే ఒక్క మొక్క లేచేది కాదు, ఇవాళ ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు. పట్టించుకోకుండా వదిలేసినందుకు గాలికి వచ్చిన గింజలు మొలిచాయి, ఇప్పుడు వాటికి అనుమతులు. ఏటా శుభ్రంగా కొట్టేసిన వాడికి ఏ ఇబ్బందీ లేదు, చెట్లు పెరగనిచ్చిన వాడికే శిక్ష. ఇది చూసి ఖాళీ స్థలం ఉన్న వాళ్లందరూ మొలక కనబడగానే పీకేస్తారు. చట్టం కోరుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం కాదా ఇది?

మానుకొలత

కంచెలోపల గారూ, కోపం ఎందుకు? మీరన్న చివరి మాట నేను కూడా అధికారులకు చెబుతూనే ఉన్నాను. చెట్టు పెరగనిచ్చిన వాళ్లకు భారం, పీకేసిన వాళ్లకు వెసులుబాటు అయితే చెట్లు మిగలవు. అందుకే వేగంగా పెరిగి కమ్ముకునే జాతులకు, సన్నని చెట్లకు మినహాయింపు ఇవ్వడం న్యాయం. చాలా చోట్ల ఇస్తున్నారు కూడా. కానీ మధ్యలో ఉన్న ఆ వేప సంగతి వేరు. అంత నీడ ఇచ్చే చెట్టు కావాలని ఇవాళ మొక్క నాటితే మళ్లీ అన్నేళ్లు ఆగాలి. దాని నీడ, దాని వేర్లు పట్టి ఉంచిన నేల పక్క ఇళ్లవాళ్లవి కూడా. ఒకసారి వచ్చి చూసి నిర్ణయించే హక్కు సమాజానికి ఉండాలని నేను నమ్ముతాను.

కంచెలోపల

వేప విషయంలో ఒప్పుకుంటాను. కానీ ఆ చూడటానికి వచ్చేది ఎప్పుడు? గడువు లేని అనుమతి నిరాకరణతో సమానం.

గీతలపుస్తకం

ఆ ప్రశ్న నూటికి నూరుపాళ్లు సరైనది. గడువు ఉన్న చోట జనం దొంగచాటుగా కొట్టరని నా అనుభవం. ఇంగ్లండ్‌లో సంరక్షణ ప్రాంతంగా ప్రకటించిన చోట చెట్టు కొట్టాలంటే 6 వారాల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ లోపు స్థానిక మండలి ఆ చెట్టును కాపాడుతూ ప్రత్యేక ఉత్తర్వు ఇవ్వకపోతే పని చేసుకోవచ్చు. 1.5 మీటర్ల ఎత్తులో 75 మిల్లీమీటర్ల వ్యాసం దాటని సన్నని చెట్లకు ఆ నోటీసు కూడా అక్కర్లేదు. జర్మనీ పద్ధతి వేరు: మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు పొదలు, కంచెలు, చాలా రకాల చెట్లు నరకడం మీద సమాఖ్య చట్టంలోనే నిషేధం ఉంది, పక్షులు గూళ్లు కట్టే కాలం అని. అంటే ఒక్కో చోట లావు ముఖ్యం, ఒక్కో చోట నెల ముఖ్యం, ఒక్కో చోట జాతి ముఖ్యం. తూర్పుగది గారు తమ కార్యాలయంలో అడగాల్సిన ప్రశ్నలు ఇవే: ఎంత లావు నుంచి, ఏ జాతులకు మినహాయింపు, ఏ నెలల్లో కుదరదు, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది. జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. కౌంటరు దగ్గర నోటితో అన్న మాట రేపు పనికి రాదు.

ఇంకొకటి, కొట్టడానికి అనుమతి వేరు, కలపను లారీలో తరలించడానికి అనుమతి వేరు అయిన ప్రాంతాలు ఉన్నాయి. అదీ అప్పుడే అడిగేయండి.

గూడు

కొట్టే రోజుకు ముందు పైకి చూడండి, దయచేసి. గూడు కనిపించకపోయినా ఒక పక్షి నోట్లో పుల్లో పురుగో పట్టుకుని పదే పదే అదే చెట్టులోకి వెళుతుంటే లోపల గూడు ఉన్నట్టే. తెల్లవారిన తర్వాత మొదటి గంట కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. పాత చెట్ల తొర్రల్లో గబ్బిలాలు ఉంటాయి, వాటిని సంధ్యవేళ బయటికి వచ్చేటప్పుడు చూడాలి. గుడ్లు పొదిగి పిల్లలు ఎగిరిపోవడానికి చిన్న పక్షుల్లో చాలావాటికి నెల రోజులు చాలు. ఒక నెల ఆగడం ఇల్లు కట్టే పనిలో పెద్ద ఆలస్యం కాదు.

తూర్పుగది

అందరికీ కృతజ్ఞతలు. గుత్తేదారుకు వద్దని చెప్పేశాను. మా వారు పాతపునాది గారి మాటలు రెండుసార్లు చదివి నాకంటే ముందు టేపు కొనుక్కొచ్చారు.

ఇద్దరు మనుషులను పెట్టి రెండు రోజుల్లో తుప్పలు తీయించాం. మణికట్టు కంటే లావున్నవి మొత్తం 38 తేలాయి. సుబాబుల్ 24, తుమ్మ 6, కానుగ 3, వేప 2, నేరేడు 1, ప్రహరీ గోడ పగుల్లోంచి మొలిచిన రావి 1, వెనక హద్దు మీద ఏ చెట్టో తెలియనిది 1. పెద్ద వేప చుట్టుకొలత 157 సెంటీమీటర్లు. ఆశ్చర్యం ఏమిటంటే, లోపల నిలబడి చూస్తే స్థలం భయపెట్టలేదు. బయట నుంచి అడవిలా కనిపించింది కానీ, మూడింట రెండొంతులు ఒకే రకం సన్నని చెట్లు.

ఇప్పుడు ప్రశ్న. ఆ పెద్ద వేప దగ్గరికి ఇల్లు ఎంతవరకు రావచ్చు? మేం అనుకున్న గోడ దాని నుంచి 4.8 మీటర్ల దూరంలో పడుతోంది.

మానుకొలత

157ను 3.14తో భాగిస్తే 50 సెంటీమీటర్ల వ్యాసం. బ్రిటన్‌లో నిర్మాణ స్థలాల్లోని చెట్ల కోసం బీఎస్ 5837 అనే ప్రమాణం ఉంది, 2012లో సవరించారు. మాను వ్యాసానికి 12 రెట్ల దూరాన్ని వ్యాసార్ధంగా తీసుకుని గీసిన వృత్తంలో తవ్వకూడదు, బరువులు నడపకూడదు అని దాని లెక్క. మీ వేపకు 6 మీటర్లు. ఆ ప్రమాణం మీకు వర్తించకపోయినా దాని వెనక ఉన్న కారణం అన్ని చోట్లా ఒకటే. వేర్లు అందరూ అనుకున్నట్టు పాతాళానికి దిగవు. ఎక్కువ భాగం పైన 60 సెంటీమీటర్ల మట్టిలోనే, కొమ్మల అంచు దాటి చాలా దూరం పరుచుకుని ఉంటాయి. పునాది కందకం ఒక పక్కన లోతుగా తవ్వితే ఆ పక్క వేర్లన్నీ ఒక్కసారి తెగుతాయి. చెట్టు వెంటనే చావదు. రెండు మూడేళ్లకు పై కొమ్మలు ఎండడం మొదలవుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. గాలివానకు ఆ చెట్టు ఇంటి మీద పడితే మాత్రం తప్పు చెట్టుదే అంటారు.

కాబట్టి ఇంటిని 1.2 మీటర్లు జరపగలరేమో ఆర్కిటెక్టును అడగండి. అడగడానికి ఏమీ ఖర్చు కాదు, ఇంకా గీత పడలేదు కదా.

గీతలపుస్తకం

జరపగలరు. నేనైతే మెట్లనూ సామాన్ల గదినీ రెండో వైపుకు మళ్లించి పడకగది కిటికీ చెట్టువైపు పెడతాను. అనుమతి దస్త్రంలో "ఈ చెట్టు కోసం ఇంటిని ఇంత జరిపాం" అని పటంతో సహా చూపితే మిగతా చెట్ల మీద అధికారి నమ్మకం పెరుగుతుంది. 38కి అడిగే దరఖాస్తు వేరు, మిగతావాటిని ఏం చేస్తున్నామో చెప్పి కొన్నిటికే కారణం చూపే దరఖాస్తు వేరు.

ఇటుకవరుస

నిర్మాణ ఇంజినీరుగా ఒక హెచ్చరిక, అనుమతి గొడవలో దీన్ని అందరూ మరిచిపోతారు. మీ నేల ఏ రకం? బంకమట్టి, నల్లరేగడి అయితే చెట్టు తీసేశాక కథ మొదలవుతుంది. పెద్ద చెట్టు ఏళ్ల తరబడి నీరు పీల్చి మట్టిని కుదించి ఉంచుతుంది. దాన్ని కొట్టేస్తే పీల్చేవారు లేక మట్టి మెల్లగా తడిని తీసుకుని ఉబ్బుతుంది. ఒక్క వానాకాలంలో అయిపోదు, కొన్నేళ్లు సాగుతుంది. ఆ ఉబ్బే నేల మీద తేలికపాటి పునాది వేస్తే గోడలు పైకి లేచి చీలుతాయి. నేను మరమ్మతుకు వెళ్లిన ఒక ఇంట్లో తలుపులన్నీ మూడో ఏటి నుంచి పట్టేయడం మొదలైంది. ఇంటి కింద ఒకప్పుడు చెట్టు ఉండేదని కట్టిన యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. పునాది రూపకల్పన చేసేవారికి మీ చెట్ల పటం తప్పకుండా ఇవ్వండి, కొట్టేసినవి కూడా ఎక్కడెక్కడ ఉండేవో గుర్తుపెట్టి.

ఇంటి కింద పడే మొద్దులను పైపైన గీరి వదిలేయవద్దు. యంత్రంతో 20, 30 సెంటీమీటర్లు తురిమితే తోటకు సరిపోతుంది, పునాదికి చాలదు. లావు వేర్లు కుళ్లాక అక్కడ బోలు మిగులుతుంది. వేర్లు తీసి, గట్టి మట్టి పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టించాలి.

పాతపునాది

రావి గురించి ఎవరూ చెప్పలేదు. గోడలో మొలిచిన రావిని పైన కోస్తే ఉపయోగం లేదు, మళ్లీ మళ్లీ చిగురిస్తుంది, ప్రతిసారీ వేరు లావెక్కి గోడను ఇంకాస్త విప్పుతుంది. గోడ ఆ భాగం విప్పి వేరు మొత్తం తీసి మళ్లీ కట్టడమే దారి. సుబాబుల్ కూడా మొద్దు నుంచి గుంపులుగా లేస్తుంది. ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర చొరబాటు జాతుల జాబితాలో అది ఉంది. కాయలు ఎండి చిట్లకముందే తీయించండి, లేకపోతే వచ్చే ఏడాది నేలంతా మొలకలే.

తూర్పుగది

చిన్న వేప, దాని చుట్టుకొలత 60 సెంటీమీటర్లు, సరిగ్గా హాలు మధ్యలో పడుతోంది. వేరే చోటికి తరలించి నాటించవచ్చా? కొట్టాలంటే నాకు చేతులు రావడం లేదు. హద్దు మీద ఉన్న చెట్టు పక్కవారిదా, మాదా అన్నది ఇంకో సందేహం.

మానుకొలత

మీ బాధ అర్థమైంది. కానీ లెక్క చూడండి. మాను వ్యాసం 19 సెంటీమీటర్లు. బతకాలంటే చుట్టూ వ్యాసానికి కనీసం 10 రెట్ల వెడల్పున, అంటే దాదాపు 2 మీటర్ల మట్టిముద్దతో లేపాలి. అది కొన్ని టన్నుల బరువు. కొన్ని నెలల ముందే చుట్టూ విడతలుగా వేర్లు కోసి కొత్త పీచువేర్లు పుట్టనివ్వాలి. తర్వాత రెండు మూడేళ్లు నీళ్లు తప్పకూడదు. ఇవన్నీ చేయగలిగితే ప్రయత్నించండి. చేయలేమనుకుంటే, దాని గింజలతో మొలిచిన చిన్న మొక్కలు ఆ తుప్పల కింద ఉండే ఉంటాయి, వాటిలో రెండు మంచివి కుండీల్లోకి తీయండి.

హద్దు సంగతి: మాను నేలను తాకే చోట హద్దు గీత దాని గుండా పోతే చాలా చోట్ల అది ఇద్దరిదీ. సర్వే చేయించి, పక్కవారి సంతకం ఉన్న సమ్మతి పత్రం లేకుండా ముట్టుకోవద్దు.

ఒక చివరి మాట, ఇది నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం. గుంపులో పెరిగిన చెట్లు ఒకదానికొకటి గాలి అడ్డుకుంటూ సన్నగా పొడుగ్గా పెరుగుతాయి. 24 సుబాబుళ్లను తీసేస్తే వాటి మధ్య దాక్కుని పెరిగిన ఆ కానుగల మీదికి గాలి నేరుగా వస్తుంది. ఉంచదలచిన చెట్లను విడివిడిగా కాక రెండు మూడు కలిపి ఉంచేలా చూసుకోండి.

గొడ్డలిపని

20 ఏళ్లుగా చెట్లు కొట్టే పనిలో ఉన్నాను. తూర్పుగది గారూ, పనికి పిలిచినవారిని ఒక్కటి అడగండి: "పడే వైపు గాటు ఎంత లోతు పెడతావు, వెనక ఎంత మందం మిగులుస్తావు?" మాను వ్యాసంలో నాలుగో వంతు వరకు గాటు, పదో వంతు మందాన కోయకుండా మిగిల్చే కీలు, ఈ సమాధానం తడుముకోకుండా రావాలి. ఆ కీలే చెట్టును అనుకున్న వైపు దించుతుంది, దాన్ని కోసేసిన వాడి చేతిలో చెట్టు ఉండదు. చెట్టు ఎత్తుకు రెండింతల దూరం లోపల ఎవరూ ఉండకూడదు. మీ స్థలంలో తీగలు ఉన్నాయన్నారు, అదే నాకు భయం. ఒక చెట్టు కొడితే తీగ పట్టుకున్న పక్క చెట్టు కొమ్మ విరిగి తల మీదికి వస్తుంది. తీగలను కింద కోసి, ఎండి వదులయ్యే దాకా కొన్ని వారాలు ఆగండి. ఆ దారిన కరెంటు తీగలు ఉంటే సరఫరా ఆపించకుండా పని మొదలుపెట్టనివ్వకండి.

తూర్పుగది

ఇన్ని వారాల తర్వాత రాస్తున్నందుకు క్షమించండి. అధికారి వచ్చి వెళ్లారు.

సుబాబుళ్లకు మా దగ్గర అనుమతి అక్కర్లేదట, సమాచారం ఇచ్చి రసీదు తీసుకుంటే చాలన్నారు. తుమ్మలు 6, చిన్న వేప, ఒక కానుగ, గోడలోని రావి, మొత్తం 9కి దరఖాస్తు పెట్టాం. సంఖ్యల చీటీలు, ఫోటోలు, పటం చూసి ఆయన ముఖమే మారింది. స్థలం మొత్తం తిరగడానికి గంట కూడా పట్టలేదు. 7కి అనుమతి వచ్చింది. ఒక తుమ్మ మీద గూడు ఉంది, పిల్లలు ఎగిరిపోయాక కొట్టుకోమన్నారు. గూడు గారూ, అది మేం చూడలేదు, ఆయనే చూశారు, నాకు సిగ్గేసింది. కానుగకు మాత్రం కుదరదన్నారు. అది కారు నిలిపే చోట ఉంది, కారును ఇంకోవైపు నిలపవచ్చు కదా అన్నారు. నిజమే, నిలపవచ్చు.

కొట్టిన ప్రతి చెట్టుకూ రెండు మొక్కలు నాటి మూడేళ్లు కాపాడాలని షరతు. మా స్థలంలో 5కి మించి పట్టవు, మిగతావి దగ్గరి పార్కులో నాటడానికి ఒప్పుకున్నారు. హద్దు చెట్టును పక్కవారూ మేమూ కలిసి ఉంచేసుకున్నాం, అది ఏ చెట్టో ఇంకా తేలలేదు.

ఇల్లు 1.5 మీటర్లు జరిగింది. రేపు ఉదయం నేల చదును చేసే యంత్రం వస్తోంది. పెద్ద వేప చుట్టూ 6 మీటర్లు కొలిచి సున్నంతో గీత గీశాను. సరిపోతుందా?

మానుకొలత

చాలా సంతోషం. గీత మాత్రం చాలదు, ఒక్కసారి చక్రం తిరిగితే చెరిగిపోతుంది. ఈ సాయంత్రమే గీత మీద గుంజలు పాతి రేకులో వలో కట్టేయండి. లోపల ఇసుక, ఇటుకలు పోయనివ్వకండి, తవ్విన మట్టి వేయనివ్వకండి, సిమెంటు కలిపిన నీళ్లు అటు పారనివ్వకండి. యంత్రం నడిపే ఆయన పొద్దున్నే వస్తారు, మీరు వెళ్లేసరికి పని మొదలైపోతుంది.

తూర్పుగది

గుంజలకు మా వారు ఇప్పుడే బయల్దేరారు.